బాబుకి టెస్టింగ్ చేయమంటే "ఇంట్లో తెలుగు కదా, క్రిస్మస్ దాకా ఆగండి" అంటున్నారు

ఆత్రేయపురం_కోడలు

మాది డల్లాస్ పక్కన ఒక ఊరు. బాబుకి ఐదేళ్ళ నాలుగు నెలలు. ఆగస్టులో పబ్లిక్ స్కూల్లో కిండర్‌గార్టెన్‌లో వేశాం. రెండు మూడు మాటలు కలిపి మాట్లాడతాడు, అంతే. "నీళ్ళు కావాలి", "కారు పోయింది". ఏదైనా అడిగితే మన ప్రశ్నే మనకి తిరిగి చెబుతాడు. అంకెలు మాత్రం వంద దాకా, వెనక నుంచి కూడా చెబుతాడు. కథ చదివేటప్పుడు లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడతాడని టీచర్ చెప్పింది.

పికప్ దగ్గర ఆవిడనే అడిగాను, స్పెషల్ ఎడ్యుకేషన్ టెస్టింగ్ చేస్తారా అని. "ఇంట్లో తెలుగు మాట్లాడతారు కదా, కాస్త ఇంగ్లిష్ రానివ్వండి, క్రిస్మస్ అయ్యాక చూద్దాం" అంది. కౌన్సిలర్‌కి ఫోన్ చేస్తే అదే మాట. వీడికి తెలుగు కూడా రాదు తల్లీ అంటే నవ్వింది.

ఇంట్లో ఇంకో గొడవ. అత్తయ్యగారు వచ్చి ఉన్నారు. "వాళ్ళ నాన్న కూడా ఐదేళ్ళు నిండేదాకా నోరు విప్పలేదు, ఇప్పుడు ఆపగలుగుతున్నామా" అంటారు. మావారి భయం వేరు. మేము హెచ్1బీ, గ్రీన్ కార్డు క్యూలో ఉన్నాం, పిల్లాడి పేరు మీద ఇలాంటిదేదో రికార్డుల్లో పడితే రేపు ఏమవుతుందో అని. నిజంగా క్రిస్మస్ దాకా ఆగాలా?

మూడోబెంచి

ఆగొద్దు. పికప్ దగ్గర అడిగింది అడిగినట్టు కాదు, ఫోన్లో అడిగిందీ కాదు. ఈమెయిల్ పెట్టండి. ప్రిన్సిపాల్‌కీ, ఐఎస్‌డీ (మీ బళ్ళని నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్) స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌కీ ఇద్దరికీ. "మా అబ్బాయికి స్పెషల్ ఎడ్యుకేషన్ కోసం పూర్తి ఎవాల్యుయేషన్ చేయమని కోరుతున్నాను" అని ఒక్క ముక్క చాలు. టెక్సస్‌లో ఆ ఈమెయిల్ చేరాక 15 బడి రోజుల్లో జవాబివ్వాలి. చేస్తామంటే మీ సంతకానికి కాగితం పంపాలి. చేయం అంటే ఎందుకు చేయరో రాసివ్వాలి. మీరు సంతకం పెట్టిన దగ్గర్నుంచి 45 బడి రోజుల్లో రిపోర్టు రావాలి.

నోటిమాటకి గడువు లేదు. రాసిన మాటకి ఉంది. అంతే తేడా.

పెసరట్టు

15 బడి రోజులంటే శని ఆదివారాలు, సెలవులు పోను. మా ఐఎస్‌డీకి సెలవులు చూస్తే మన ఊళ్ళో దసరా సెలవులు గుర్తొస్తాయి. ఇవాళే రాసేయండి.

ఫ్రీమాంట్_లక్ష్మి

కాలిఫోర్నియాలో రాతపూర్వకంగా అడిగాక 15 రోజుల్లో టెస్టింగ్ ప్లాన్ ఇవ్వాలి, సంతకం అయ్యాక 60 రోజుల్లో మీటింగ్ కూడా అయిపోవాలి. స్పెషల్ ఎడ్యుకేషన్ చట్టం దేశమంతా ఒకటే అయినా గడువులు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పింది పట్టుకుని స్కూలు వాళ్ళతో పోట్లాడకండి, ఆవిడ వేరే రాష్ట్రంలో ఉండొచ్చు. నేను అలాగే ఒకసారి పరువు పోగొట్టుకున్నాను.

టీచరమ్మ_ఆస్టిన్

పదకొండేళ్ళుగా టెక్సస్ పబ్లిక్ స్కూళ్ళలో స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్‌ని. మీ కౌన్సిలర్ చెప్పింది సగం నిజం, అందుకే ప్రమాదం.

నిజం ఏమిటంటే, ఇంగ్లిష్ రాకపోవడమే కారణమైతే పిల్లాడికి డిజెబిలిటీ ఉందని తేల్చడానికి వీల్లేదు. చట్టంలోనే ఉంది ఆ మాట. కానీ దానర్థం ఇంగ్లిష్ వచ్చేదాకా పరీక్షించకూడదని కాదు. పైగా వీలైనంతవరకు పిల్లాడి సొంత భాషలో పరీక్షించాలని కూడా అదే చట్టం అంటుంది. మీరు ఈమెయిల్‌లో ఒక వాక్యం కలపండి: "తెలుగులో కూడా వయసుకు తగ్గట్టు మాట్లాడటం లేదు." ఇంట్లో తీసిన రెండు మూడు వీడియోలు దాచి పెట్టుకోండి. తాతగారితోనో అమ్మమ్మతోనో ఫోన్లో మాట్లాడిస్తున్నప్పుడు తీసినవి అయితే ఇంకా మంచిది.

ఇంకొకటి. కొన్ని స్కూళ్ళు "ముందు క్లాసులోనే అదనపు సాయం చేసి కొన్నాళ్ళు చూస్తాం" అంటాయి. చేయనివ్వండి, మంచిదే. కానీ అది అయ్యేదాకా టెస్టింగ్ ఆపడానికి లేదని కేంద్ర విద్యాశాఖ 2011లోనే రాష్ట్రాలకు స్పష్టంగా రాసింది. రెండూ పక్కపక్కన నడవొచ్చు.

రెండు భాషల వల్ల మాటలు ఆలస్యం అవుతాయని ఇంట్లో తెలుగు మానేయకండి. అలా మానేసిన వాళ్ళని చాలామందిని చూశాను. పిల్లాడికి ఇంగ్లిష్ రాలేదు, నాయనమ్మతో ఉన్న ఆ నాలుగు మాటలూ పోయాయి.

వరంగల్_వాసు

అందరూ టెస్టింగ్ టెస్టింగ్ అంటున్నారు. తర్వాత ఏమవుతుందో కూడా చెప్పండి. మావాడిని ఒకటో తరగతిలో టెస్ట్ చేశారు, పేరు పెట్టారు, వేరే గదిలో కూర్చోబెట్టారు. మూడేళ్ళు ఆ గదిలోనే. మిగతా పిల్లల్ని భోజనం దగ్గర, పీఈ క్లాసులో చూడటమే. అక్షరాలు దిద్దించిందే దిద్దించారు. ఒకసారి ముద్ర పడితే తీయించుకోవడం మన వల్ల కాదు. ప్రైవేటుగా స్పీచ్ థెరపీ చేయించండి, ఇన్సూరెన్స్ ఇస్తుంది. స్కూలుకి చెప్పొద్దు.

మూడోబెంచి

వాసు గారూ, వేరే గదిలో పెట్టడం చట్టం చెప్పిన మొదటి మార్గం కాదు, ఆఖరిది. సాయం చేసినా మామూలు క్లాసులో కుదరదు అనుకుంటేనే బయటికి తీయాలి. మీరు ఒప్పుకోకుండా ఎలా పెట్టారు?

వరంగల్_వాసు

ఒప్పుకున్నాను. అదే చెబుతున్నాను.

బల్లకి అటు పక్క ఎనిమిది మంది. ప్రిన్సిపాల్, సైకాలజిస్టు, స్పీచ్ ఆవిడ, ఇంకా ఎవరెవరో. ఇటు నేనొక్కణ్ణి, నా భార్యకి ఆ రోజు షిఫ్టు. నలభై పేజీల కాగితం స్క్రీన్ మీద గబగబా తిప్పుకుంటూ పోయారు. ఒక పొట్టి పేరు అర్థమయ్యేలోపు ఇంకో పొట్టి పేరు. చివర్లో "మీకేమైనా ప్రశ్నలా?" అన్నారు. ఏం అడగాలో తెలిస్తే కదా. వాళ్ళు చదువుకున్నవాళ్ళు, మన పిల్లాడి మంచికే చెబుతారు అనుకున్నాను. మా నాన్న డాక్టర్ ముందు కూర్చున్నట్టు కూర్చుని సంతకం పెట్టి వచ్చాను. పార్కింగ్ లాట్‌లో కారులో కూర్చున్నాక అనిపించింది, ఏమన్నారు వీళ్ళు అని.

కాకరకాయ_ఫ్యాన్

వాసు అన్నా, మా అందరి మొదటి మీటింగ్ అదే. నేను థాంక్యూ కూడా చెప్పి వచ్చాను.

పెసరట్టు

ఐఈపీ, ఏఆర్‌డీ, ఎఫ్ఐఈ, ఎల్ఆర్ఈ, ఫేప్. స్కూలు కాగితమా, సచివాలయం జీవోనా ఇది. ఈ స్పెషల్ ఎడ్యుకేషన్ చట్టం పేరు "ఐడియా" అంటే నేను మొదట సిమ్ కార్డు అనుకున్నాను.

టీచరమ్మ_ఆస్టిన్

@పెసరట్టు టెక్సస్ వాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. మిగతా దేశం ఐఈపీ మీటింగ్ అంటే ఇక్కడ ఏఆర్‌డీ మీటింగ్ అంటారు. చేర్చుకోవడం, సమీక్షించడం, పంపించేయడం, ఆ మూడు మాటల మొదటి అక్షరాలు. ఆ మీటింగ్‌లో ఒక్కో పిల్లాడికి విడిగా తయారయ్యే చదువు ప్లాన్ మాత్రం ఐఈపీయే.

@వరంగల్_వాసు మీకు రెండు చెబుతాను, ఇప్పుడైనా పనికొస్తాయి. ఒకటి, ఏడాదికోసారి మీటింగ్ అని వాళ్ళు అంటారు గానీ మీరు ఎప్పుడైనా మీటింగ్ పెట్టమని రాయొచ్చు. రెండు, అక్కడికక్కడ ఒప్పుకోనక్కర్లేదు. "ఒప్పుకోవడం లేదు" అని చెబితే టెక్సస్‌లో 10 బడి రోజులకి మించకుండా వాయిదా వేసుకుని మళ్ళీ కూర్చునే అవకాశం మీకు ఇవ్వాలి. బల్లకి అటుపక్క కూర్చునే నేను చెబుతున్నాను, ప్రశ్నలు అడిగే తల్లిదండ్రుల పిల్లల కాగితాలు మేము కూడా రెండుసార్లు చదువుతాం. సిగ్గుపడాల్సిన మాటే, కానీ నిజం.

ఎడిసన్_సుబ్బు

టీచర్లని తిట్టి లాభం లేదు కూడా. 1975లో ఈ చట్టం వచ్చినప్పుడు దేశంలో ఒక్కో విద్యార్థి మీద అయ్యే సగటు ఖర్చులో 40 శాతం దాకా ఇలాంటి ప్రతి పిల్లాడికీ కేంద్రం ఇస్తుందని కాంగ్రెస్ మాట ఇచ్చింది. యాభై ఏళ్ళయింది, ఒక్క ఏడాది కూడా ఆ దరిదాపుల్లోకి రాలేదు. మిగతాదంతా రాష్ట్రం, మన ప్రాపర్టీ ట్యాక్స్. డబ్బు లేదు కాబట్టి సర్వీసు ఇవ్వం అని చెప్పడానికి చట్టం ఒప్పుకోదు, అందుకని "ఇంకొన్నాళ్ళు ఆగుదాం" అంటారు.

మూడోబెంచి

టెక్సస్‌లో అది మర్యాదగా చెప్పే మాట కూడా కాదు, లెక్కే. 2004 నుంచి రాష్ట్ర విద్యాశాఖ ఐఎస్‌డీలని ఒక సూచికతో కొలిచింది: స్పెషల్ ఎడ్యుకేషన్‌లో 8.5 శాతానికి మించి పిల్లలుంటే మార్కులు తగ్గుతాయి. దేశం మొత్తం మీద 13 శాతం దగ్గర ఉంటే ఇక్కడ నిజంగానే 8.5కి దిగిపోయింది. 2016లో హ్యూస్టన్ పత్రిక ఒకటి బయటపెట్టాక 2017లో శాసనసభ దాన్ని రద్దు చేసింది. 2018లో కేంద్రం టెక్సస్ చట్టాన్ని ఉల్లంఘించిందని తేల్చింది. కాగితం మీద పోయింది. అలవాటు మాత్రం కొన్ని ఆఫీసుల్లో ఇంకా ఉందని నా అనుమానం. ఆత్రేయపురం గారికి చెప్పిన "క్రిస్మస్ తర్వాత" ఆ అలవాటు వాసనే.

ఆత్రేయపురం_కోడలు

ఈమెయిల్ పంపేశాను. రాత్రి పదకొండుకి రాసి, మావారికి చూపించకుండానే పంపేశాను. ఇప్పుడు చెప్పాలి. గ్రీన్ కార్డు సంగతి ఎవరికైనా తెలుసా?

ఎడిసన్_సుబ్బు

మీ వీసా చూసి పిల్లాణ్ణి కాదనడానికి స్కూలుకి లేదు. 1982లో ప్లైలర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది, అదీ మీ టెక్సస్ కేసే. కాగితాలు అసలే లేని పిల్లలకి కూడా బడి ఇవ్వాలని. మీరు కాగితాలన్నీ ఉండి భయపడుతున్నారు.

"ప్రభుత్వం మీద ఆధారపడతారు" అనే లెక్క ఒకటుంది కదా, పబ్లిక్ ఛార్జ్. 2019లో దాన్ని బాగా బిగించినప్పుడు కూడా స్కూల్లో ఐడియా కింద ఇచ్చే సేవల్ని పక్కన పెట్టారు. 1974 నాటి విద్యా రికార్డుల గోప్యత చట్టం కూడా ఉంది, స్కూలు ఆ ఫైలు ఎవరికి పడితే వారికి ఇవ్వదు. మీ కేసుకి మీ లాయర్‌ని ఒకసారి అడగండి, అది వేరే. కానీ ఈ భయంతో పిల్లాడికి ఏడాది పోగొట్టొద్దు.

కాకరకాయ_ఫ్యాన్

మా ఆయన కూడా ఇదే భయంతో ఏడాదిన్నర ఆపారు. చివరికి మా గ్రీన్ కార్డు ఇంకా రాలేదు, పాపకి ఐఈపీ వచ్చింది.

పెసరట్టు

గ్రీన్ కార్డు క్యూ కంటే 45 బడి రోజులు నయం.

హిమాయత్‌నగర్_బాబాయ్

ఇంత ఎందుకు, 504 ప్లాన్ తీసుకోండి. ముద్ర ఉండదు, వేరే గది ఉండదు. మావాడికి ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవదు. ముందు వరసలో సీటు, పరీక్షకి అదనపు సమయం, అంతే. హాయిగా ఉంది.

టీచరమ్మ_ఆస్టిన్

బాబాయ్ గారూ, మీవాడికి సరిపోయింది, సంతోషం. 504 అనేది 1973 నాటి వేరే చట్టంలో ఒక సెక్షను. డిజెబిలిటీ ఉంది కాబట్టి అందరితో సమానంగా చదువుకోవడానికి సర్దుబాట్లు చేయాలని చెబుతుంది. చదువు చెప్పే పద్ధతే మార్చాలంటే, స్పీచ్ థెరపీ, ఓటీ (రోజువారీ పనులు నేర్పే థెరపీ), ఏడాది లక్ష్యాలు, కొలతలు కావాలంటే ఐఈపీ. మాటలే సరిగా రాని ఐదేళ్ళ పిల్లాడికి ముందు వరసలో సీటిస్తే ఏం చేసుకుంటాడు? ముందు పూర్తి టెస్టింగ్ జరగనివ్వండి, ఏది కావాలో తర్వాత తేలుతుంది.

నిద్రపట్టని_నాన్న

మా పెద్దోడికి పంతొమ్మిది. ఆటిజం. ఈ థ్రెడ్ చదువుతుంటే ఎక్కడెక్కడికో వెళ్ళిపోయాను, కాస్త పొడుగైతే ఏమనుకోవద్దు.

వాడికి మూడేళ్ళు నిండిన వారం నుంచి స్కూలే చూసింది. ఇక్కడ మూడేళ్ళకే మొదలవుతుంది, అంతకుముందైతే ఇంటికే వచ్చే వేరే ప్రోగ్రాం. మొదటి ఏడాది ఇంటి ముందుకి చిన్న బస్సు వచ్చేది. మా అమ్మ అప్పుడు ఇక్కడే ఉంది. బస్సు మలుపు తిరగడం కనిపించగానే వాణ్ణి ఎత్తుకుని పరుగెత్తేది, పక్కింటి తెలుగువాళ్ళు లేచేలోపు ఎక్కించేయాలని. పెద్ద బస్సు కాదు కదా, అడుగుతారని. ఒకరోజు ఆ పక్కింటావిడే వచ్చి "పిన్నిగారూ, అంత పరుగెందుకు, పడిపోతారు, నేను చేయి అందిస్తాను" అంది. ఆ రోజు నుంచి అమ్మ నడిచే వెళ్ళింది.

వాసు గారు చెప్పిన గది మావాడికీ ఉంది. కొన్నేళ్ళు అది అవసరమే అయింది, అబద్ధం చెప్పను. మామూలు క్లాసులో ఆ శబ్దానికి చెవులు మూసుకుని బల్ల కింద దూరేవాడు. గది తప్పు కాదు. గదిలో పెట్టి మర్చిపోవడం తప్పు. ఏడాదికో లక్ష్యం పెట్టి, చేరాడో లేదో అంకెలతో చూపించమని అడిగాను. ఐదో తరగతి వచ్చేసరికి లెక్కలకి మామూలు క్లాసుకి వెళ్ళాడు. 2017లో సుప్రీంకోర్టు ఎండ్రూ కేసులో ఏకగ్రీవంగా అదే చెప్పింది. ఏదో కాస్త మెరుగు అంటే సరిపోదు, ఆ పిల్లాడి పరిస్థితిని బట్టి తగినంత ముందుకు వెళ్ళేలా ప్లాన్ ఉండాలని. ఆ తీర్పు ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకుని మీటింగ్‌కి వెళ్ళేవాణ్ణి. ఎప్పుడూ బయటికి తీయలేదు. ఫైలు మందంగా కనిపిస్తే చాలు.

చిన్నపిల్లల తల్లిదండ్రులకి తెలియనిది ఒకటి చెబుతాను. పద్దెనిమిది నిండిన రోజు ఆ సంతకం హక్కు మన చేతుల్లోంచి వాడి చేతుల్లోకి వెళ్ళిపోతుంది. మాకెవరూ గట్టిగా చెప్పలేదు. ఎక్కడో కాగితంలో ఉందట. అప్పుడు గార్డియన్‌షిప్‌కి కోర్టుకి వెళ్ళాలా, లేక వాడి నిర్ణయాలు వాడే తీసుకుంటూ మనం సాయం చేసేలా ఒప్పందం రాసుకోవాలా అని తేల్చుకోవాలి. ఆ రెండోదానికి దేశంలో మొదట చట్టం చేసింది టెక్ససే, 2015లో. మేము అదే తీసుకున్నాం. వాడు తన పేరు పెద్ద అక్షరాలతో సంతకం పెట్టాడు, గీత దాటి కింది లైన్లోకి వెళ్ళింది.

ఇప్పుడు స్కూలు వాళ్ళు నడిపే పద్దెనిమిది దాటిన పిల్లల ప్రోగ్రాంలో ఉన్నాడు. బస్సెక్కడం, కిరాణా కొనడం, ఒక గిడ్డంగిలో పెట్టెలు సర్దడం నేర్పుతున్నారు. ఇంకో రెండేళ్ళు ఉంటుంది. ఆ తర్వాత స్కూలు లేదు, బస్సు లేదు. నిద్ర పట్టనిది అందుకే.

కాకరకాయ_ఫ్యాన్

అన్నా, ఏం రాయాలో తెలియడం లేదు. చదివాను అని చెప్పడానికి రాస్తున్నాను.

వరంగల్_వాసు

గది తప్పు కాదు, మర్చిపోవడం తప్పు అన్నారు. ఒప్పుకుంటాను. నేనూ మర్చిపోయినవాళ్ళలో ఒకణ్ణే.

చింతచిగురు

ఇంత టెన్షన్ పడే బదులు ఇండియా వచ్చేయండి. ఇక్కడ ఏ కాగితమూ అక్కర్లేదు, హైదరాబాద్‌లో మంచి ప్రైవేటు స్కూళ్ళున్నాయి.

ఫ్రీమాంట్_లక్ష్మి

మా అక్క కూతురికి ఆ మంచి ప్రైవేటు స్కూలు "పక్కనే కూర్చునే షాడో టీచర్‌ని మీరే పెట్టుకోండి, జీతం మీరే ఇవ్వండి" అంది. పెట్టుకున్నాక "మిగతా పేరెంట్స్ ఇబ్బంది పడుతున్నారు" అంది. కాగితం అక్కర్లేదన్నది నిజమే. ఎదురడగడానికీ కాగితం లేదు.

భవిత_మేడం

గోదావరి జిల్లాల్లో ఒక మండలంలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో ఐఈఆర్‌టీగా, అంటే వాళ్ళకి చెప్పే టీచర్‌గా చేస్తున్నాను. ఇండియా అంటే హైదరాబాద్ ప్రైవేటు స్కూలేనా అండీ?

ఇక్కడా చట్టం ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు చేర్చారు. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా ఉచిత విద్య. సమగ్ర శిక్ష కింద మండలానికి భవిత కేంద్రం, అక్కడ మేము. ఫిజియోథెరపీ ఆయన కొన్ని రోజులకోసారి వస్తారు, కేంద్రాలన్నీ తిరగాలి పాపం. బడికి రాలేని పిల్లల ఇంటికి మేమే వెళ్ళి చెబుతాం. నాకు ఒక పాప ఉంది, సెరిబ్రల్ పాల్సీ. మంచం పట్టె మీద ఎడమ చేత్తో సుద్దముక్కతో "అ" రాసింది మొన్న. వాళ్ళమ్మ దాన్ని తుడవలేదు, ఇంకా అలాగే ఉంది.

లేనిది ఏమిటంటే మీరు చెప్పే గడువులు. మీకు 45 రోజుల్లో రిపోర్టు రాకపోతే అడగొచ్చు. నా దగ్గరికొచ్చే తల్లి ఎవరిని అడగాలి? వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకి స్లాటు దొరకాలి, ఆటోకి డబ్బులుండాలి, కూలి పోవాలి. సదరం కాగితం అంటే పింఛను కాగితమనే అనుకుంటారు, దాంతో బడిలో ఏమొస్తుందో ఎవరూ చెప్పరు. మేమేమో కాంట్రాక్టు.

కదలిక లేదనను. పది మంది పిల్లలకి ఒక స్పెషల్ టీచర్, హైస్కూల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. 2025లో పోస్టులు ప్రకటించమని రాష్ట్రాలని గట్టిగా అడిగింది. ఆంధ్రాలో 2,260 స్పెషల్ టీచర్ పోస్టులు మంజూరు చేశారు. మాకు ఎదురుచూపులు.

చింతచిగురు

మేడం, క్షమించండి. నాకు భవిత కేంద్రం అని ఒకటుందనే తెలియదు.

భవిత_మేడం

మా మండలంలో సగం మందికి తెలియదు. ఎంఈఓ ఆఫీసు వెనక గది. బోర్డు మీద వేపచెట్టు కొమ్మ పడింది.

టీచరమ్మ_ఆస్టిన్

@భవిత_మేడం ఆ మంచం పట్టె మీది "అ" ఫొటో తీసి తేదీ వేసి పెట్టుకోండి. ఇక్కడైతే దాన్నే డేటా అంటారు.

ఎడిసన్_సుబ్బు

మా మీటింగ్ సంగతి చెప్పలేదు కదూ. అమ్మాయి మీటింగ్‌కి మా ఆవిడ కోసం తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడిగాం. తల్లిదండ్రులకి అర్థమయ్యేలా చూడటం స్కూలు బాధ్యతే, పైసా ఇవ్వక్కర్లేదు. ఫోన్లో ఎవరో పెద్దాయన వచ్చారు. స్పీచ్ థెరపీని "వాక్చికిత్స" అన్నారు, గోల్‌ని "వార్షిక గమ్యస్థానం" అన్నారు. మా ఆవిడ అరగంట విని "ఆయన్ని ఇంగ్లిష్‌లోనే చెప్పమనండి" అంది.

పెసరట్టు

వార్షిక గమ్యస్థానం. విజయవాడ జంక్షన్‌లో అనౌన్స్‌మెంట్‌లా ఉంది.

మూడోబెంచి

నవ్వుకున్నా గానీ, ఇంటర్‌ప్రెటర్‌ని అడగడం మానకండి ఎవరూ. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్ళకి కూడా ఆ గదిలో సగం వినపడదు. తోడుగా ఒక స్నేహితుణ్ణి తీసుకెళ్ళే హక్కు కూడా ఉంది. నోట్సు రాయడానికి ఒక మనిషి. పిల్లాడి గురించి మాట్లాడుతుంటే మనకి చేయి ఆడదు.

ఆత్రేయపురం గారూ, జవాబొచ్చిందా?

ఆత్రేయపురం_కోడలు

తొమ్మిదో బడి రోజుకి వచ్చింది. "క్రిస్మస్ తర్వాత" అన్న కౌన్సిలరే ఫోన్ చేసి, కాగితం పంపుతున్నాం, సంతకం పెట్టండి అంది. గొంతు మారిపోయింది. మావారికి చెప్పాను. ఒక రోజంతా మాట్లాడలేదు, రెండో రోజు తనే ప్రింటు తీసి తెచ్చారు. ఇద్దరం సంతకం పెట్టాం, ఒక్కరిది చాలట.

మూడోబెంచి

ఆ తేదీ రాసి పెట్టుకోండి. రిపోర్టు మీటింగ్‌కి ముందే ఇవ్వమని ఇప్పుడే అడగండి. మీటింగ్ బల్ల దగ్గర మొదటిసారి చూడకూడదు దాన్ని.

హిమాయత్‌నగర్_బాబాయ్

రిపోర్టు మనకి నచ్చకపోతే?

మూడోబెంచి

ఒప్పుకోవడం లేదని రాసి, బయటి నిపుణుడితో స్కూలు ఖర్చు మీదే ఇంకోసారి చేయించమని అడగొచ్చు. వాళ్ళు డబ్బయినా కట్టాలి, లేదా మా రిపోర్టు సరైందేనని నిరూపించుకోవడానికి తామే విచారణ కోరాలి. ఊరికే కాదనడానికి లేదు.

ఆత్రేయపురం_కోడలు

జనవరి అయింది, వచ్చి చెప్పకపోతే బాగోదని.

డిసెంబర్‌లో రిపోర్టు ఇచ్చారు, ముప్ఫై ఒక్క పేజీ. ఆటిజం, దాంతోపాటు స్పీచ్. తెలుగు తెలిసిన స్పీచ్ థెరపిస్టు దొరకలేదు గానీ, ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టి తెలుగులో కూడా చూశారు. నా వీడియోలు అడిగి తీసుకున్నారు. సెలవులంతా చదివాం. మావారు ఒక్కో పేజీ తెలుగులో చెబుతుంటే అత్తయ్యగారు వింటూ కూర్చున్నారు. మధ్యలో ఒకచోట "కళ్ళలోకి చూడడు, పేరు పెట్టి పిలిస్తే పలకడు, ఒక్క ఆటే గంటలు ఆడతాడు" అని వచ్చింది. ఆవిడ ఆపమన్నారు. కాసేపటికి, "నీకూ అంతేరా. ఊళ్ళో మూగోడనేవాళ్ళు. మీ నాన్న కొట్టేవాడు పలకమని" అన్నారు. మావారు లేచి వెళ్ళి గిన్నెలు కడిగారు. అవి ముందే కడిగి ఉన్నాయి.

మీటింగ్ మొన్న అయింది. మామూలు క్లాసులోనే ఉంటాడు, రోజూ ముప్పావుగంట స్పెషల్ టీచర్ క్లాసుకే వచ్చి పక్కన కూర్చుంటారు. స్పీచ్ వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున. మొదట రాసిన లక్ష్యం "మాట్లాడటంలో మెరుగుపడతాడు" అని ఉంది. ఎంత, ఎప్పటికి, ఎలా కొలుస్తారు అని అడిగాను. గొంతు వణికింది గానీ అడిగాను. స్క్రీన్ మీదే మార్చారు: తనంతట తాను అడిగే వాక్యం, నాలుగు మాటలు, ఐదుసార్లలో నాలుగుసార్లు. చివర్లో సంతకం అన్నారు. ఇంటికి తీసుకెళ్ళి చదివి రేపు ఇస్తాను అన్నాను. ఎవరూ ఏమీ అనలేదు.

వరంగల్_వాసు

ఆ "రేపు ఇస్తాను" నాకు ఏడేళ్ళ కిందట తెలిసుంటే. పోనీలెండి, మావాడి మీటింగ్ పెట్టమని నేనూ రాశాను. ఫిబ్రవరిలో ఉంది. మూడోబెంచి వస్తానన్నాడు, నోట్సు రాయడానికి.

కాకరకాయ_ఫ్యాన్

మూడోబెంచి మొదటి బెంచీలోకి వస్తున్నాడన్నమాట.

నిద్రపట్టని_నాన్న

అమ్మా, మీ అత్తగారిని అడిగానని చెప్పండి.

ఆత్రేయపురం_కోడలు

చెబుతాను అన్నయ్యా. ఆవిడ ఇంకో పని చేశారు. మీటింగ్‌కి ఊరికే వెళ్తావా అని, వచ్చేటప్పుడు తెచ్చిన పూతరేకుల డబ్బా చేతికిచ్చారు. మొహమాటపడుతూనే బల్ల మీద పెట్టాను. సైకాలజిస్టు ఒకటి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ కాగితం తీసేసి తినాలా?" అని అడిగింది.

పెసరట్టు

ఏం చెప్పారు?

ఆత్రేయపురం_కోడలు

కాగితమే తినాలి అన్నాను.